చూపించమ్మ కొట్లో టెలిస్కోపు

ఆ వీధి చివర పాత సామాన్ల కొట్టు నడిపే ఆవిణ్ణి ఎదురుపడితే అందరూ అక్కా అనేవాళ్ళు. నాలుగడుగులు దాటగానే చూపించమ్మ అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. వస్తువు అమ్ముకుందామని ఎవరొచ్చినా ఆవిడ ముందుగా ధర మాట ఎత్తదు. స్టూలు జరిపి, చేతులు కట్టుకుని, "ఏదీ, వాడి చూపించండి" అంటుంది. కుట్టుమిషను తెచ్చినవాళ్ళు సూదిలో దారం ఎక్కించి ఒక పీలిక కుట్టాలి. టైపు మిషను తెచ్చినవాళ్ళు కాగితం పెట్టి రెండు వరసలు కొట్టాలి. సొంత వస్తువు మీద మనిషి చెయ్యి తడుముకోదని ఆవిడ నమ్మకం. ఎక్కణ్ణించో ఎత్తుకొచ్చినవాడైతే బొత్తాం కోసం వెతుక్కుంటాడు, మూత ఎటు తిప్పాలో తెలీక వెర్రినవ్వు నవ్వుతాడు.

మొదట్నించీ ఆవిడ ఇలా లేదు. పదకొండేళ్ళ కిందట ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కుట్టుమిషను తెచ్చాడు. భార్య పోయిందనీ, ఇంట్లో అది కళ్ళపడుతుంటే ముద్ద దిగడం లేదనీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనతో పాటు ఈవిడా ఏడ్చింది. టీ పెట్టి ఇచ్చింది. మిషను తీసుకుంది. పోయిందన్న ఆ భార్య నాలుగో రోజున పోలీసుని వెంటబెట్టుకుని నిక్షేపంగా నడిచి వచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఈవిణ్ణి స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్ళంతా తనని అదోరకంగా చూశారు. ఆ చూపులే పట్టుకున్నాయో ఏమో, ఇంటికొచ్చాక తనూ అందర్నీ అలాగే చూడ్డం మొదలుపెట్టింది. భర్త అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాడు. నిజంగా నిద్రపోతున్నాడా, మాట తప్పించుకోవడానికి కళ్ళు మూసుకున్నాడా అని ఆయన్ని కూడా అప్పుడప్పుడూ వంగి చూసేది.

ఒకనాడు మధ్యాహ్నం, వీధంతా కునుకు తీస్తున్న వేళ, ఓ మనిషి వెనకసందు వైపు నుంచి కొట్లోకి వచ్చాడు. ముందు గుమ్మం బార్లా తెరిచి ఉండగా వెనకనుంచి రావడం ఆవిడకి మొదటి లోపంగా కనిపించింది. యాభై ఏళ్ళుంటాయి. బట్టతల. ముంజేతుల మీద వెంట్రుకల్లో పిండి అంటుకుని ఉంది. దుప్పట్లో చుట్టిన పొడుగాటిదేదో పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. రెండో చంకలో మూడుకాళ్ళ స్టాండు, భుజానికి గుడ్డసంచి. బేకరీలో రొట్టెలు కాల్చే పనిలో ఉన్నానన్నాడు. ఇది ఇంట్లో టెలిస్కోపనీ, ఎంతిస్తే అంత తీసుకుని వెళ్ళిపోతాననీ అన్నాడు. ఎంతిస్తే అంత అనడం రెండో లోపం. మాట్లాడుతున్నంతసేపూ గోడ గడియారం వంక చూడ్డం మూడోది.

ఆవిడ ఆయన్ని మేడమీదికి తీసుకెళ్ళింది. వాడి చూపించమంది.

స్టాండు కాళ్ళు సాగదీయడానికే ఆయనకి చెమటలు పట్టాయి. ఒక కాలు మర బిగించడం మరిచిపోతే అంతా ఓ పక్కకి ఒరిగింది. ఎలాగో నిలబెట్టి పైన గొట్టం తగిలించాడు. ఆ పెద్ద గొట్టం వీపు మీద వేలెడంత చిన్న గొట్టం ఒకటుంది. దాన్ని ఫైండరంటారనీ, ముందు అందులోంచి గురి చూసుకుంటే ఆ వస్తువే పెద్దదాంట్లో దొరుకుతుందనీ చెప్పాడు. అంతవరకు బాగానే చెప్పాడు. తీరా ఆవిడ కన్ను పెడితే పెద్దదాంట్లో కటికచీకటి.

"ముందు మూత తియ్యలేదు మీరు," అందావిడ.

మూత తీశాడు. దూరంగా ఉన్న సెల్ టవరు వైపు చిన్న గొట్టంలోంచి గురిపెట్టి చూడమన్నాడు. పెద్దదాంట్లో టవరు లేదు, ఎవరిదో గోడ తాలూకు పెచ్చులూడిన ముక్క ఉంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఉత్త ఆకాశం. చిన్న గొట్టం చుట్టూ ఉన్న మూడు మరల్నీ ఒకటి తరవాత ఒకటి బిగించుకుంటూ పోయాడు. గొట్టం బిర్రబిగుసుకుపోయింది గానీ గురి మాత్రం కుదరలేదు. ఎప్పుడూ ఇలా ఉండదే అని రెండుసార్లు తనలో తనే గొణుక్కున్నాడు.

ఇంట్లో ఇంకా ఎవరుంటారని ఆవిడ ఆరా తీసింది. అక్క ఉందన్నాడు.

"ఇది అమ్ముతున్నట్టు మీ అక్కకి తెలుసా?"

"తెలుసు," అన్నాడాయన, మెట్లవైపు చూస్తూ.

ఆవిడకి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. వస్తువు ఇక్కడే ఉంటుందనీ, అక్కని వెంటబెట్టుకుని వస్తే అప్పుడు మాట్లాడదామనీ ఖరాఖండీగా చెప్పింది. సొంతదారైతే గొంతు చించుకుని గొడవపెట్టుకునేవాడు. ఈయన నోరెత్తలేదు. మొహం వేలాడేసుకుని, మళ్ళీ ఆ వెనకసందులోంచే వెళ్ళిపోయాడు. దాంతో ఆవిడ అనుమానం కాస్తా ఖాయమైపోయింది.

సాయంత్రం సంచి బోర్లిస్తే కంటి దగ్గర అమర్చే కటకాలు మూడు, ఒక నోటుపుస్తకం బయటపడ్డాయి. పుస్తకం నిండా చీమల బారులాంటి రాత. తేదీలు, వేళలు, గుండ్రాలు, గుండ్రాల పక్కన చుక్కలు. ప్రతి గీతా స్కేలు పెట్టినట్టుంది. పేజీలు తిప్పుతూ పోతే చివరికొచ్చేసరికి రాత గాడి తప్పింది. ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కేసింది. గుండ్రాలు కలుసుకోకుండా నోరు తెరుచుకుని ఉన్నాయి. ఆఖరి పేజీలో అక్షరమే లేదు, ఒక అడ్డగీత పేజీ అంచు దాటి వెళ్ళిపోయింది.

భర్త డ్యూటీకి బయల్దేరుతుంటే ఆ పేజీ ఆయన ముందు పెట్టింది.

"ఈ చేతికి ఏదో జరిగిందండీ. ఆ అక్కని వీడు ఏం చేశాడో ఏమో."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, రొట్టెలు కాల్చుకునేవాడు కాస్తా నీ చేతిలో పడి హంతకుడైపోయాడా అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మూడు కటకాల్లో ఒకటి తీసి సొరుగులో వేసి తాళం వేసింది. వాడు దొంగతనంగా వచ్చి పట్టుకుపోయినా అది పూర్తి వస్తువు కాకూడదని.

మర్నాడు పొద్దున్నే రొట్టె కొనే మిషతో బేకరీకి వెళ్ళింది. బట్టతలాయన ఉన్నాడా అని అటూ ఇటూ తిప్పి అడిగింది. ఆయన పనికొచ్చి చాలా రోజులైందనీ, ఇంట్లో ఎవరికో బాగాలేదన్నాడనీ కౌంటర్లో అమ్మాయి చెప్పింది. మరి నిన్న ముంజేతికి పిండి ఎక్కడిది? ఈ ప్రశ్నని మనసులో పెట్టుకునే ఇల్లెక్కడో కనుక్కుని, రెండు సందులు దాటి వెళ్ళింది.

చిన్న డాబా ఇల్లు. పక్కగోడకి ఆనించి మేడమీదికి ఇనప నిచ్చెన. దాని కింది అయిదు మెట్లూ లేవు. రంపంతో కోసేశారు. కోత తాజాగా ఉంది, కింద ఇనపరజను ఇంకా మెరుస్తోంది. చూపించమ్మ వంగి ఆ రజను వేలితో ముట్టుకుంది. పైకి వెళ్ళనివ్వకుండానా, పైన ఉన్న మనిషిని కిందికి దిగనివ్వకుండానా? మెడ సాగదీసి, పైన ఎవరైనా ఉన్నారా అని పిలిచింది.

"పైన ఎవరూ లేరు. మీరెవరు?" అని వెనకనుంచి వినిపించింది.

గుమ్మంలో ఓ పెద్దావిడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. కుడిచేతికి కట్టు, ఆ చెయ్యి మెడలోంచి వేలాడుతోంది. ముందు గదిలో పీట మీద సగం కలిపిన పిండి ఉంది. అంటే ఆ తమ్ముడు ఇంట్లోనే రొట్టె చేసి పెడుతున్నాడన్నమాట. కానీ ఈవిడ మనిషి మొహంలోకి చూడదు. తల పక్కకి తిప్పి, ద్వారబంధంతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతుంది. అబద్ధం చెప్పేవాళ్ళే ఇలా చూపు తప్పిస్తారని చూపించమ్మ పదకొండేళ్ళ అనుభవం. అక్కాతమ్ముళ్ళిద్దరూ కూడబలుక్కున్నారేమో అనిపించింది.

"మీ ఇంట్లో టెలిస్కోపు ఉందాండీ?"

"ఉంది. నా మంచం కింద."

"ఒకసారి చూడండి."

ఆవిడ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఎడంచేత్తో పెట్టె బయటికి లాగింది. బరువుగానే వచ్చింది. మూత తీసి లోపల తడిమింది. పాత కంబళిలో చుట్టిన రెండు ఇటుకలు చేతికి తగిలాయి. వాటిని అంచులదాకా వేళ్ళతో తడిమి చూసింది. ఆ తరవాత, ఇవి వాడి పొయ్యి ఇటుకలు అంది మెల్లగా.

చూపించమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. తను ఊహించుకున్నవి మాత్రం చెప్పలేదు.

"కొన్నారా?" అంది ఆవిడ.

"లేదు. నా దగ్గర ఉంచానంతే."

"కొనకుండా మీ కొట్లో ఎందుకుంది?"

ఇలాంటి ప్రశ్నలు వెయ్యడమే గానీ జవాబు చెప్పడం చూపించమ్మకి అలవాటు లేదు. వచ్చి చూసుకోండంది. పెద్దావిడ చెప్పులు వేసుకుంది. చెయ్యి పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. దారి పొడుగునా గోడలకి దగ్గరగా, మెడ ఓ పక్కకి వంచి నడుస్తూ, పొడిమాటల్లో చెప్పుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఓ ఆఫీసులో పటాలు గీసే పని చేసిందట. రెండేళ్ళుగా కళ్ళు ఎదురుగా ఉన్నదాన్ని మింగేస్తున్నాయట. నడిమధ్యన బూడిదరంగు మరక, చుట్టూ అంచులు మాత్రం మిగిలాయి. అందుకే ఎవరినైనా చూడాలంటే వాళ్ళ పక్కకి చూడాలి. చూపించమ్మకి ఒక్కసారి సిగ్గేసింది. వెంటనే, ఇదైనా నిజమేనా అని కూడా అనిపించింది. కొట్టు గుమ్మంలో ఉన్న బకెట్టుని కావాలనే తియ్యకుండా వదిలేసింది. ఆవిడ తల వంచి, దాన్ని ఓరగా చూసి, చుట్టూ తిరిగి వెళ్ళింది. పరీక్ష వల్ల ఏమీ తేలలేదు. పైగా తన మీద తనకే చిరాకేసింది.

మేడమీద టెలిస్కోపు నిన్నటి నుంచీ బరకం కిందే ఉంది. పెద్దావిడ బరకం తీసి, గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమింది. సంచిలో చెయ్యి పెట్టింది.

"కటకాలు మూడుండాలి. రెండే ఉన్నాయి."

చూపించమ్మ మారుమాట లేకుండా కిందికి వెళ్ళి సొరుగు తెరిచి మూడోది తెచ్చి ఇచ్చింది. జాగ్రత్త కోసం విడిగా దాచానంది. దానికి పెద్దావిడ ఓ ఓరచూపు చూసింది. అది కళ్ళ జబ్బువల్లో, అనుమానంవల్లో చూపించమ్మకి అంతుపట్టలేదు.

"ఒంటిచెయ్యి నాది. కన్ను మీరు పెట్టాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అంది పెద్దావిడ.

ముందు సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో అడిగింది. ఆ వైపు పొరపాటున కూడా తిప్పకూడదనీ, ఒక్క క్షణం చాలు కన్ను మాడిపోతుందనీ హెచ్చరించింది. మూడు కటకాల్లో పెద్ద అంకె ఉన్నదాన్ని వేలితో గుర్తుపట్టి బిగించింది. అది తక్కువ పెద్దది చేస్తుంది కాబట్టి ఎక్కువ మేర కనిపిస్తుందిట, మొదట వెతుక్కోవడానికి అదే మంచిదట. చిన్న గొట్టం సంగతి ఇప్పుడు మర్చిపొమ్మంది. పెద్ద గొట్టాన్నే టవరు వైపు తిప్పి, టవరు కొస దొరికేదాకా వెతకమంది. చూపించమ్మ నడుం వంచి వెతికింది. గోడలు, తీగలు, ఆకులు, మళ్ళీ గోడలు గడిచాయి. ఉన్నట్టుండి తుప్పుపట్టిన మేకుతో సహా టవరు కొస కంటిముందుకి వచ్చి నిలబడింది. ఆవిడ అదిరిపడి కన్ను తీసేసింది.

"దొరికిందా?"

"దొరికింది."

"నడిమధ్యన ఉందా, మధ్యలో ఉన్నట్టు ఉందా?"

చూపించమ్మ మళ్ళీ చూసింది. కాస్త ఎడమకి ఉందని ఒప్పుకుంది. లోపలి అద్దం కుడి ఎడమల్ని తారుమారు చేస్తుందని చెప్పి పెద్దావిడ పిడి మెల్లగా తిప్పింది. నడిమధ్యకి వచ్చాక కదలకుండా బిగించేసింది. ఇప్పుడు ఫైండర్లోకి చూడమంది. అందులో సన్నటి గీతలు రెండు అడ్డంగా, నిలువుగా కత్తెరలా ఉన్నాయి. టవరు తలకిందులుగా ఉంది.

"ఇది పాడైపోయింది," అంది చూపించమ్మ. ఇంతసేపటికి ఓ తప్పు దొరికినట్టయింది.

"ఆ చిన్నదాంట్లో అలాగే ఉంటుంది. తలకిందులైతే ఏం, కొస ఎక్కడుందో చెప్పండి."

గీతలు కలిసిన చోటికి చాలా దూరంగా, కింద ఉందని చెప్పింది. పెద్దావిడ ఎడంచేతి వేళ్ళు మూడు మరల మీదికీ వెళ్ళాయి. ఎవరో అన్నిటినీ కలిపి బిగించేశారని చిరాకుపడింది. ఒకటి బిగించాలంటే ముందు ఇంకొకటి వదులు చెయ్యాలట. ఒకదాన్ని పావుచుట్టు వదులు చేసి, రెండోదాన్ని అంతే బిగించింది. ఇప్పుడో, అని అడిగింది. దగ్గరకొచ్చింది. ఇప్పుడో. దాటిపోయింది. ఇప్పుడో. అలా పదిహేను ఇరవైసార్లు. ఆవిడకి చూపు లేదు, ఈవిడకి చేతి నేర్పు లేదు. దాదాపు కుదిరింది, చాల్లెండి అని చూపించమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆ మాట అనలేకపోయింది. తనొక్కమాట అబద్ధం చెబితే అవతలి మనిషికి తెలిసే దారే లేదు. ఇన్నేళ్ళలో ఎవరూ తన మాట మీద ఇలా పూర్తిగా ఆనుకోలేదు. అది ఆవిడకి బరువనిపించింది.

"ఇంకా వెంట్రుకవాసి తేడా ఉంది," అంది.

ఆ వెంట్రుకవాసి కూడా సరిచేశాక, చిన్న అంకె ఉన్న కటకం పెట్టి మొదటినుంచీ అదంతా ఇంకోసారి చేయించింది. చివర్న గొట్టాన్ని ఇష్టమొచ్చినట్టు పక్కకి తిప్పేసి, ఇప్పుడు ఫైండరు ఒక్కదాంతోనే ఏదో ఒకటి పట్టుకోమంది. చూపించమ్మ నీళ్ళ ట్యాంకుకి గురిపెట్టి, గీతలు కలిసే చోట ట్యాంకు అంచుని కూర్చోబెట్టి, పెద్దదాంట్లోకి చూసింది. ట్యాంకు అంచు, దానికి వేలాడుతున్న నీలం బకెట్టు, బకెట్టు అంచున కారి ఎండిన సున్నం కనిపించాయి.

ఇది ఈవిడదే అని చూపించమ్మ మనసులో తేల్చేసుకుంది. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇంట్లో అక్క కనపడక వెతుక్కుంటూ తమ్ముడు రొప్పుతూ వచ్చి ఆఖరి మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"ఒరేయ్, ఇటుకలు పెట్టావేం?" అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

ఆయన అక్కకి జవాబు చెప్పకుండా చూపించమ్మకి చెప్పుకున్నాడు. మూడువారాల కిందట అక్క నిచ్చెన నాలుగో మెట్టు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుందట. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన రోజే మళ్ళీ ఎక్కుతానందట. ఎంత చెప్పినా వినకపోయేసరికి మొన్న మెట్లు కోసేశాడు. అతికే మనిషిని పిలిపిస్తానందట. ఇక వస్తువే లేకుండా చేస్తే తప్ప ప్రాణం దక్కదనుకుని, మధ్యాహ్నం ఆవిడ పడుకున్నప్పుడు పట్టుకొచ్చాడు. తెస్తుంటే దార్లో గొట్టం గేటుకి కొట్టుకుని గురి చెదిరిందట.

"మరి ఇన్నేళ్ళూ మీ ఇంట్లోదేగా, అమర్చడం ఎందుకు రాలేదు?" అంది చూపించమ్మ. అదొక్కటే ఆవిడకి ఇంకా మింగుడుపడలేదు.

"అక్క అంతా పెట్టి రమ్మని పిలిచేది. నేను కన్ను పెట్టి చూసొచ్చేవాణ్ణి. నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు."

చూపించమ్మ పదకొండేళ్ళుగా నమ్ముకున్న పరీక్ష ఆ మాటతో ఓ మూల కూలింది. అయినా ఆవిడ పూర్తిగా వదులుకోలేదు. చెప్పకుండా ఎత్తుకొచ్చినవాడు దొంగే, కాకపోతే ఇది వేరే రకం దొంగతనం అని తర్వాత భర్తతో వాదించింది.

కళ్ళు పోతున్న సంగతి తనకి తెలుసనీ, ఎవరూ దుప్పట్లో చుట్టి చెప్పక్కర్లేదనీ అక్క అంది. తమ్ముడు తల వంచుకున్నాడు. ఆ తరవాత పెద్దావిడ చూపించమ్మ వైపు, అంటే ఆమె భుజం పక్కకి తిరిగి, మీ మేడకి సిమెంటు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంది, సాయంత్రాలు మీకేమైనా పనుంటుందా అని అడిగింది.

ఇందులో ఏదో తిరకాసు ఉందని చూపించమ్మకి వెంటనే అనిపించింది. వెతికింది గానీ దొరకలేదు. అలాగే అంది, అయితే గొట్టం, స్టాండు తన కొట్లోనే తాళంలో ఉండాలంది. దానికేం, కటకాలు మాత్రం నా సంచిలో ఉంటాయంది పెద్దావిడ. అంటే ఒకరు లేకుండా రెండోవాళ్ళకి అది ఉత్త గొట్టం. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగా నచ్చింది.

అప్పట్నించీ మబ్బులేని సాయంత్రాల్లో తమ్ముడు అక్కని దింపి పనికి వెళ్ళేవాడు, లేదా ఓ పక్కన కూర్చునేవాడు. చూపించమ్మ చూసి చెప్పేది. చంద్రుడి మీద గుంటలకి ఏ వైపు నీడ పడిందో పెద్దావిడ గుచ్చిగుచ్చి అడిగేది. నిన్న ఇలా చెప్పారు, ఇవాళ అలా చెబుతున్నారేం అని నిలదీసేది. చూపించమ్మ పళ్ళు నూరుకునేది. ఎదుటివాళ్ళు తనని నమ్మకపోతే ఒళ్ళెంత మండుతుందో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది. కొట్లో స్టూలు మీద కూర్చున్నవాళ్ళని అడిగే గొంతు కూడా కొంచెం తగ్గింది. కొంచెమే.

ఒకనాడు చీకటిపడుతుండగా గురుగ్రహాన్ని పట్టుకున్నారు. బఠాణీగింజంత గుండ్రం, దాని పక్కన ఒకే వరసలో చుక్కల్లాంటి దాని చంద్రుళ్ళు. ఎన్నున్నాయని పెద్దావిడ అడిగింది. మూడని చెప్పింది చూపించమ్మ.

"నాలుగు కనిపించాలి. సరిగ్గా చూడలేదు మీరు."

చూపించమ్మ మళ్ళీ చూసింది. గ్రహం జారిపోతుంటే పిడి తిప్పి వెనక్కి తెచ్చుకుంటూ చూసింది. మూడే. తమ్ముణ్ణి పిలిచి చూడమంది. ఆయనా మూడే అన్నాడు. మీరిద్దరూ ఎప్పుడు ఏకమయ్యారని పెద్దావిడ మొహం గంటు పెట్టుకుంది. కాసేపటికి కోపం దిగాక, నాలుగోది గ్రహం నీడలోకి పోయి ఉండొచ్చు, అలాగైతే కాసేపట్లో బయటికి రావాలి, కన్ను తియ్యకండి అంది.

చూపించమ్మ కన్ను తియ్యలేదు. నడుం పట్టేసింది. తమ్ముడు స్టూలు తెచ్చి వేస్తే కూర్చుని చూసింది. ముప్పావుగంట గడిచింది. గ్రహానికి కాస్త ఎడంగా, ఏమీ లేని నలుపులో ఏదో ఉన్నట్టనిపించింది.

"ఉన్నట్టుంది," అంది.

"ఉందా, అనుమానమా?"

"అనుమానమే."

"అయితే చూస్తూ ఉండండి."

ఊపిరి బిగబట్టి చూసింది. పోయింది, మళ్ళీ తేలింది, సన్నగా నిలబడింది. ఆ పైన మిగతా మూడింటి లాగే గట్టిగా వెలిగింది.

"ఉంది. నాలుగు," అంది చూపించమ్మ.

పెద్దావిడ ఇంకేమీ గుచ్చి అడగలేదు. సరే అని, తమ్ముణ్ణి కూడా చూసి రమ్మంది.